చూసినవారు ఇద్దరు

డెల్ఫీన్ ఉలెట్‌కీ ఎమరీ స్టిన్సన్‌కీ మధ్య ఏదో ఉందన్న సంగతి హాలోవే మిల్స్ ఊరంతటికీ ఇరవై నాలుగేళ్ళుగా తెలుసు. తెలియనిదల్లా ఆ ఇద్దరికే.

ఏటా చెరువుల మీద మంచు విరగ్గానే మొదలయ్యేది ఆ భాగోతం. పొద్దున్నే ఐదు గంటలకి ఎమరీ పాత ఆకుపచ్చ ట్రక్కు డెల్ఫీన్ గుమ్మం ముందు ఆగేది. హారన్ కొట్టేవాడు కాదు. ఆవిడ చంకలో కాఫీ ఫ్లాస్కు, చేతిలో బెల్లంపాకం డోనట్ల పొట్లం పట్టుకుని చడీచప్పుడు లేకుండా ఎక్కేది. మిల్లు రోడ్డు పట్టుకుని ఇద్దరూ అడవిలోకి మాయమయ్యేవాళ్ళు. పదకొండింటికి ఓపల్ హోటల్లో తేలేవాళ్ళు, చొక్కాలకి పైనుచెట్ల ఆకులు, మెడల మీద నల్లీగల కాట్లు, మొహాల్లో దాచినా దాగని సంతోషం. ఎక్కడినుంచి రాక అని ఓపల్ అడిగితే ఎమరీ టోపీ తీసి బల్ల మీద పెట్టి, "చర్చినుంచి" అనేవాడు. ఇద్దరికీ సెలవైతే బుధవారం నాడు కూడా తెరిచి ఉండే ఆ చర్చి ఏ మతానిదో ఓపల్‌కి అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడమేమిటి, బాగానే అర్థమయ్యేది. నిప్పు లేనిదే పొగ రాదని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది.

డెల్ఫీన్‌కి అప్పట్లో నలభై ఏడు. మొగుడు పోయి నాలుగేళ్ళు. స్కూలుబస్సు నడిపేది, ఏడో నంబరు. ఎమరీ మిల్లులో రంపాలకి పదును పెట్టే పని చేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే ఎవరూ అడగలేదు కాబట్టి అనేవాడు. ఇద్దరూ కలిసింది కూడా ఎంత విచిత్రంగానో. ఒక ఏప్రిల్ సాయంత్రం ఆఖరి పిల్లని దింపేసి వస్తుంటే మిల్లు రోడ్డు మీద బస్సు ఆగిపోయింది. డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఎమరీ చూసి, ట్రక్కు పక్కకి తీసి సాయానికి వచ్చాడు. బానెట్ ఎత్తి ఇద్దరూ లోపలికి తొంగిచూస్తుండగా నెత్తిమీదుగా ఒక నీలికొంగ ఎగిరిపోయింది. ముక్కున ఒక పొడుగాటి ఎండుపుల్ల. ఐదు నిమిషాల్లో ఇంకొకటి, అదే దిక్కుకి, దాని ముక్కునా పుల్లే. బస్సు సంగతి ఇద్దరూ మర్చిపోయారు. "ఇల్లు కట్టుకుంటున్నాయి" అన్నాడు ఎమరీ. మిల్లు రంపాల మధ్య బతికిన మనిషి గొంతు అంత మెత్తగా ఉంటుందని డెల్ఫీన్ అనుకోలేదు.

ఆ ఆదివారం ఇద్దరూ ఆ దిక్కు పట్టుకుని వెతుక్కుంటూ రెండు గంటలు నడిచారు. ఎప్పుడో బీవర్లనే నీటిజంతువులు వాగుకి అడ్డంగా కట్ట కట్టేశాయి. నీళ్ళు నిలిచి, చెట్లు నిలువునా చచ్చి, బూడిదరంగు మానులుగా మిగిలాయి. ఆ మానుల కొసల మీద గూళ్ళు. ఒక్కో మానుకి మూడు, నాలుగు. ఒక్కో గూటి మీద ఒక్కో కొంగ, మెడ మడిచి, ఒంటికాలి మీద. కొంగజపమంటే దొంగజపమని అందరూ అంటారు గానీ ఆ పొద్దున వాటిని చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. డెల్ఫీన్ ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని అతను అడగలేదు. అందుకే రెండో ఆదివారం కూడా వెళ్ళింది.

మూడో వారానికి రాష్ట్రం పక్షుల ఆఫీసువాళ్ళకి ఉత్తరం రాశారు. ఇలా ఊరూరా జీతం బత్తెం లేకుండా గూళ్ళు లెక్కపెట్టేవాళ్ళు ఉన్నారట. ఆఫీసు ఒక కాగితం పంపించింది. చోటు ఎక్కడ, ఏ తేదీ, గూళ్ళెన్ని, పిల్లలెన్ని, చూసినవారు ఎందరు. ఏడాదికొకటి నింపి పంపాలి. గూళ్ళకి దూరంగా ఉండాలి, చప్పుడు చేయకూడదు, ఏప్రిల్లో అయితే మరీ. గుడ్లు పెట్టేముందు బెదిరితే కొంగలు గూళ్ళు వదిలేసి పోతాయి, మళ్ళీ రావు.

లెక్క విషయంలో ఎమరీ పక్కా మిల్లు మనిషి. వెంట్రుకవాసి తేడా ఒప్పుకోడు. మడుగుకి రెండువందల అడుగుల ఇవతల ఒక బండ ఉంది. దాని మీద కూర్చుని ఎవరి దుర్భిణితో వాళ్ళు, ఎవరి లెక్క వాళ్ళు. ఒకరిదొకరికి చెప్పకూడదు. అయ్యాక ఎవరి అరచేతిలో వాళ్ళు పెన్నుతో అంకె రాసుకుని, ఒక్కసారే చేతులు తెరవాలి. రెండు చేతుల్లో ఒకే అంకె ఉంటే అది లెక్క. తేడా వస్తే ఉమ్మితో తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి. మొదటిసారి ముప్పై ఒకటీ ముప్పై ఒకటీ వచ్చినప్పుడు ఎమరీ నవ్విన నవ్వుకి చప్పుడు లేదు. భుజాలు మాత్రం అదిరాయి.

ఇంకొక కట్టుబాటు ఉంది. దారిలో ఒక పసుపుపచ్చ బెరడు బర్చిచెట్టు ఉంది. వెళ్ళేటప్పుడు దాన్ని దాటితే మాట లేదు. వచ్చేటప్పుడు దాని దాకా వచ్చేవరకూ మాట లేదు. మధ్యలో నాలుగు గంటలు ఇద్దరు మనుషులు ఒక్క బండ మీద నోళ్ళు కుట్టుకుని కూర్చోవాలి. బస్సులో నలభైమంది పిల్లల గోల భరించే డెల్ఫీన్‌కి ఆ నాలుగు గంటలూ స్వర్గంలా ఉండేవి.

మూడో ఏడు దెబ్బ తగిలింది. ఎమరీ నోట్లో ఆ రోజుల్లో నువ్వుగింజ నానేది కాదు. మా కొంగలు మా కొంగలు అని హోటల్లో మురిసిపోయేవాడు. ఎవడో బయటి ఊరివాడు, మోచేతంత లెన్సు ఉన్న కెమెరా మెళ్ళో వేసుకుని కాఫీ తాగుతూ అంతా విన్నాడు. ఎమరీ పేపరు నాప్కిన్ మీద దారి గీసి ఇచ్చాడు. ఏప్రిల్ నెల. వాడు తిన్నగా మానుల కిందకే పోయాడు, మోకాళ్ళలోతు నీళ్ళలో. తర్వాతి ఆదివారం పదకొండు గూళ్ళు ఖాళీ. కాకులు గుడ్లు తినేసి పెంకులు గట్టు మీద పారేశాయి. ఎమరీ ఆ పెంకులు ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. బర్చిచెట్టు దాటాక కూడా ఆ రోజు మాట్లాడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

ఆ తర్వాతే చర్చి పుట్టింది. ఊళ్ళో కొంగల మాటే మానేశాడు. ఒకసారి ఓపల్ ఎగతాళి మరీ శృతిమించిందని డెల్ఫీన్ ట్రక్కులో ముఖం మాడ్చుకుని కూర్చుంటే, "అనుకోనీ డెల్ఫీన్" అన్నాడు. "కొంగలున్నాయంటే పదిమంది వెనకాల పడతారు. ముసలి ప్రేమికులు అడవిలోకి పోతుంటే వెనకాల పడేవాడు ఎవడుంటాడు చెప్పు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఇంటికెళ్ళాక నవ్వు పోయి ఇంకేదో మిగిలింది. ఊరు అనుకుంటున్నది నిజమైతే బాగుండునని మొదటిసారి తోచింది ఆ రోజే. అప్పుడప్పుడూ తోస్తూనే ఉంది ఆ తర్వాత ఇరవై ఒక్కేళ్ళు.

పన్నెండో ఏడు డెల్ఫీన్ మోకాలు చెడింది. బండ మీద కూర్చుని లేవడానికి అవస్థ పడుతుంటే ఎమరీ చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. మరుసటి వసంతం వెళ్ళేసరికి బండ మీద ఒక బల్ల ఉంది. వీపుకి ఆనుడు కూడా ఉంది. కొంగలు లేని నవంబరులో ముక్కలు ముక్కలుగా మోసుకొచ్చి, ఒక్కడే బిగించాడన్నమాట. సరిగ్గా ఇద్దరికి సరిపోయేంత బల్ల, అంగుళం ఎక్కువ లేదు. మాట్లాడకూడని చోటు కాబట్టి ఆవిడ ఏమీ అనలేదు. బర్చిచెట్టు దగ్గరకొచ్చాక బల్ల బాగుంది అంది. మోకాలెలా ఉంది అన్నాడు. అంతే.

ఇరవయ్యో ఏడు ఆఫీసునుంచి ఎమరీకి ఒక ఉత్తరం వచ్చింది. ఇంత నమ్మకమైన లెక్క రాష్ట్రంలో మరొకటి లేదని అందులో రాశారు. అతను పదిసార్లు చదువుకుని, మడిచి, రంపాల పెట్టెలో దాచుకున్నాడు. డెల్ఫీన్‌కి చూపించేటప్పుడు మాత్రం చెవులు ఎర్రబడ్డాయి.

ఆ ఎమరీ ఈ ఫిబ్రవరిలో పోయాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. మా వైపు చలికాలం పోయినవాళ్ళని మే దాకా పూడ్చరు, నేల ఇనుములా గడ్డకట్టి ఉంటుంది. ఈ ఏడు చలికాలమే రాలేదు. పలుగు దిగింది. మూడో రోజుకల్లా ఎమరీ మట్టిలో ఉన్నాడు. గడ్డకట్టని నేలతో గొయ్యి తవ్వేవాడికి సుఖమైంది గానీ, చెట్లు కొట్టించే డ్వైట్ హాస్కెల్‌కి చేటొచ్చింది. బురదలో యంత్రాలు దిగబడతాయని చలికాలం కోత మొత్తం మే నెలకి వాయిదా వేసుకున్నాడు. ఎమరీ చావుకీ డ్వైట్ కోతకీ సంబంధం ఉంటుందని డెల్ఫీన్‌కి అప్పుడు తెలియదు.

ఏప్రిల్ అంతా ఆవిడ అడవి ముఖం చూడలేదు. ఐదింటికి మెలకువ వచ్చేది. కిటికీ దగ్గర నిలబడి ఖాళీ రోడ్డు చూసి, మళ్ళీ దుప్పటి కప్పుకునేది. మే మూడో వారం, గురువారం నాడు, తనని తాను తిట్టుకుని లేచింది. ఫ్లాస్కులో ఇద్దరికి సరిపడా కాఫీ పోసింది అలవాటుగా. సగం వంపేయబోయి మానేసింది.

బర్చిచెట్టు దాటి వంద గజాలు వెళ్ళిందో లేదో కాళ్ళు ఆగిపోయాయి. మడుగు చుట్టూ ఉన్న పెద్ద పైనుచెట్ల మొదళ్ళకి, ఛాతీ ఎత్తున, నీలంరంగు గీతలు. కొట్టాల్సిన చెట్లకి పెట్టే గుర్తులు. ఒకప్పుడైతే భయం లేదు, గూళ్ళన్నీ నీళ్ళలోని మానుల మీదే ఉండేవి. మానులు పుచ్చి ఒక్కొక్కటే కూలిపోతుంటే పదేళ్ళుగా కొంగలు గట్టు మీది పైనుల్లోకి మారుతూ వచ్చాయి. ఆవిడ తలెత్తి చూసింది. నీలంగీత పైన, ఎనభై అడుగుల ఎత్తున, గూడు. పక్కచెట్టుకీ గీత, పైన గూడు. లోపలినుంచి పసికూనల కటకట చప్పుడు.

ఇంటికొచ్చి పక్షుల ఆఫీసుకి ఫోను చేసింది. మారెన్ అనే అమ్మాయి ఎత్తింది. ఎమరీ పోయినందుకు చాలా బాధపడింది. తర్వాత కంప్యూటర్ చూసి, కంగారేమీ లేదమ్మా అంది. "మీ గూళ్ళు లూన్ మడుగు దగ్గర కదా. అక్కడ వంద గజాలు కొట్టకుండా వదలమని డ్వైట్ గారికి మేమే చెప్పాం. పాపం ఆయన మూడొందల గజాలు వదిలేశారు."

లూన్ మడుగు రెండు మైళ్ళు తూర్పున ఉంది. అక్కడ కప్పలు తప్ప ఏమీ లేవు.

డెల్ఫీన్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కాగితంలో చోటు అన్న గడి నింపేది ఎప్పుడూ ఎమరీనే. ఇంటికి తీసుకెళ్ళి, మ్యాపు మీద గుర్తు పెట్టి, అతనే పోస్టులో వేసేవాడు. కెమెరావాడు వచ్చిన ఏడు మొదలుకుని ఆ గుర్తు రెండు మైళ్ళు పక్కకి జరిపేశాడు. వెనకటి కాగితాలు కూడా పొరపాటని ఆ ఏడే ఉత్తరం రాసి మార్పించాడని మారెన్ చెప్పింది. ఆఫీసుని కూడా నమ్మలేదు. ఆవిడకీ చెప్పలేదు. గూళ్ళు కాపాడదామని దాచిన దాపరికం అసలుకే ఎసరు పెట్టింది.

ఒకవేళ ఎవరైనా చోటు తప్పు రాస్తే ఏం చేస్తారని, తనకి సంబంధం లేనట్టుగా అడిగింది. అలాంటివాళ్ళ లెక్కలన్నీ పక్కన పెట్టేస్తామని మారెన్ చెప్పింది. ఒక్క అబద్ధం దొరికితే మిగతావి ఎలా నమ్ముతాం అంది. తోడు వెళ్ళినవాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాలి, ఇందులో ఏ సంబంధమూ లేని మనిషి ఇంకొకరు వెళ్ళి అసలు చోటులో గూళ్ళు చూసి లెక్క సరిపోయిందని రాయాలి. అప్పుడైతే చోటు మారుస్తాం, పాత లెక్కలు ఉంచుతాం. లేకపోతే కొట్టేస్తాం. డెల్ఫీన్ మళ్ళీ చేస్తానని ఫోను పెట్టేసింది.

ఆ రోజంతా చచ్చినవాడితో పోట్లాడింది. గిన్నెలు కడుగుతూ పోట్లాడింది, కారు నడుపుతూ పోట్లాడింది. "నాకైనా చెప్పలేకపోయావా ముసలాడా" అంది పైకే. చెప్పకపోతే పైనులు పోతాయి, పిల్లలతో సహా. చెబితే ఎమరీ పోతాడు. వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని మనిషి అబద్ధాలకోరుగా మిగులుతాడు, ఇరవై నాలుగు కాగితాలూ చెత్తబుట్టలోకి పోతాయి. మట్టిలో ఉన్నవాడు వచ్చి తన తరఫున చెప్పుకోలేడు. డ్వైట్ యంత్రం సోమవారం పొద్దున్న దిగుతుందని ఊళ్ళో తెలిసింది.

శనివారం పొద్దున్న ఆరింటికి ఓపల్ హోటలు ముందు కారు ఆపి, దిగకుండా పావుగంట కూర్చుంది. అద్దంలోంచి లోపల ఎమరీ కూర్చునే బల్ల కనపడుతోంది. కెమెరావాడికి దారి గీసి ఇచ్చింది కూడా ఆ బల్ల మీదే. నోరు జారి ఒకసారి గూళ్ళు పోగొట్టాడు, నోరు కుట్టుకుని ఇంకోసారి పోగొట్టబోతున్నాడు. కారు దిగింది.

డ్వైట్ గుడ్లూ చిక్కుళ్ళూ తింటున్నాడు. యాభై రెండేళ్ళ భారీ మనిషి. చిన్నప్పుడు ఏడో నంబరు బస్సులో డెల్ఫీన్ సీటు వెనకే కూర్చుని వచ్చినవాడు, అందుకే ఇప్పటికీ ఆవిడ వస్తే కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. ఆవిడ ఎదురుగా నిలబడి, ఊపిరి పీల్చుకుని, మొత్తం చెప్పింది. చర్చి అంటే ఏమిటో, చోటు ఎక్కడో, ఎమరీ ఏం చేశాడో. హోటల్లో ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. గొంతు తగ్గించుకోవాలని కూడా ఆవిడకి తోచలేదు.

ఓపల్ చేతిలో కాఫీ కెటిల్‌తో అలాగే స్టూలు మీద కూలబడింది. "అయితే ఇన్నేళ్ళూ పక్షులా?" అంది. ఊరు ఇరవై నాలుగేళ్ళుగా ఊరబెట్టుకున్న కథ ఒక్క నిమిషంలో పాడైపోయింది. ఆవిడ ముఖం చూస్తే నిజంగా జాలేసింది.

డ్వైట్ మాత్రం ఎర్రబడ్డాడు. "లూన్ మడుగు చుట్టూ మూడొందల గజాలు వదిలాను. కుర్రాళ్ళని అటు ఈల కూడా వెయ్యనివ్వలేదు. ఎవరికోసం? కప్పలకోసమా?"

"నీకు కోపం రావడం న్యాయమే."

"ఎమరీ మా నాన్న రంపాలన్నిటికీ పదును పెట్టాడు. ఒక్కనాడు మాట తప్పలేదు. ఇలా చేశాడా?"

"చేశాడు" అంది డెల్ఫీన్. "చోటు మాత్రమే డ్వైట్. లెక్క ఎన్నడూ తప్పు చెప్పలేదు. నువ్వొచ్చి చూడు. నీ కళ్ళతో లెక్కపెట్టు. అప్పుడు కూడా కొట్టాలనిపిస్తే కొట్టు, నేను అడ్డం రాను."

అడ్డం రానన్నది పచ్చి అబద్ధం. యంత్రం ముందు పడుకోవడానికి కూడా ఆవిడ సిద్ధపడే ఉంది. డ్వైట్ రొట్టెముక్కతో పళ్ళెం తుడిచి తుడిచి, ఇంక తుడవడానికి ఏమీ మిగలనప్పుడు తలెత్తాడు.

"ఎన్నింటికి?"

"ఐదింటికి. హారన్ కొట్టకు."

ఆదివారం ఐదింటికి డ్వైట్ ట్రక్కు గుమ్మం ముందు ఆగింది. హారన్ కొట్టలేదు. దారంతా వానల గురించి, అమ్ముడుపోయిన మిల్లు గురించి మాట్లాడాడు. బర్చిచెట్టు దగ్గర డెల్ఫీన్ పెదాల మీద వేలు పెట్టింది. క్లాసులో పిల్లాడిలా వెంటనే నోరు మూశాడు. అంత మనిషీ తన గుర్తులున్న చెట్ల మధ్యనుంచి మునివేళ్ళ మీద నడిచాడు. ఒకచోట ఆగి, తన నీలంగీత మీద చెయ్యి పెట్టి, నిదానంగా తల పైకెత్తాడు. చాలాసేపు దించలేదు.

బండ దగ్గర బల్ల చూసి వంగి తడిమాడు. కర్ర పని తెలిసిన చేతులు కదా, అతుకులన్నీ తడుముకుంటూ పోయాయి. ఒక్క మేకు లేదు. అంతా కర్రచీలలే. ఎందుకని కళ్ళతో అడిగాడు. ఆవిడకే అప్పటిదాకా తట్టలేదు. మేకులు కొడితే, అవి ఎప్పుడైనా వదులైనప్పుడు సుత్తి పట్టుకుని రావాలి, కొంగలున్న రోజుల్లో సుత్తి మోగకూడదు. అన్నీ ఆలోచించే చేశాడు. పన్నెండేళ్ళు కూర్చుంది ఆ బల్ల మీద, ఒక్కసారైనా వంగి చూడలేదు. కళ్ళు మసకబారి దుర్భిణి రెండుసార్లు తుడుచుకోవలసి వచ్చింది.

డ్వైట్‌కి ఎమరీ దుర్భిణి ఇచ్చింది. పెన్ను ఇచ్చి, అరచెయ్యి చూపించి, ఎలాగో సైగలతో చెప్పింది. లెక్క మొదలైంది. ఎదురుగా ఒక మగకొంగ ముక్కున పుల్లతో వచ్చి వాలింది. ఆడది మెడ చాచి అందుకుని, ఇటు పెట్టి, అటు పెట్టి, నచ్చక మళ్ళీ తీసి, చివరికి గూట్లో గుచ్చింది. మగది ఇంకొకటి తేవడానికి వెళ్ళిపోయింది. ఒక్క అరుపు లేదు రెండింటి మధ్యా. డెల్ఫీన్ బల్ల అంచు మీద చెయ్యి ఆనించి ఆ గూడునే చూస్తూ ఉండిపోయి, లెక్క మర్చిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

చేతులు తెరిచారు. ఆవిడ చేతిలో పంతొమ్మిది. డ్వైట్ చేతిలో పదిహేడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతను అరచేతిలో ఉమ్మేసుకుని ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ దుర్భిణి ఎత్తాడు. ఈసారి పెదాలు కదుపుతూ, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. వెనక నీళ్ళలో మిగిలిన పాత మానుల దగ్గర చాలాసేపు ఆగాడు. ఈ ఒక్క అంకె కలవకపోతే ఇరవై నాలుగేళ్ళు కలిసినవేవీ నిలబడవు.

తెరిచారు. పంతొమ్మిది. పంతొమ్మిది.

డ్వైట్ నవ్వాడు, చప్పుడు చేయకుండా. భుజాలు అదిరాయి. ఎవరూ నేర్పలేదు అతనికి. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళందరూ అలాగే నవ్వుతారేమో.

బర్చిచెట్టు దాకా వచ్చి ఆగారు. ఫ్లాస్కులో ఇద్దరికి సరిపడా ఉంది కాఫీ. పైనుల్లో పద్నాలుగు గూళ్ళున్నాయని, ఆ పద్నాలుగు చెట్లకీ తన చేత్తోనే రంగు పూశానని డ్వైట్ అన్నాడు. పూసేటప్పుడు ఎప్పుడూ తల పైకెత్తలేదని, కిందే చూసుకుంటూ పోయానని, పూసింది మార్చిలో కాబట్టి అప్పుడు కొంగలు లేవని చెప్పుకుంటూ పోయి మధ్యలో ఆపేశాడు. ఇటు సెప్టెంబరు దాటేదాకా యంత్రం రాదు అన్నాడు. గీతలు కనపడకుండా నల్లరంగు కొట్టే పని మాత్రం కొంగలు వెళ్ళిపోయాక సెప్టెంబరులో తనే చేస్తానన్నాడు. ఆవిడ థాంక్స్ చెబితే వినిపించుకోనట్టు కప్పులోకి చూశాడు. కొంచెంసేపటికి మెల్లిగా అడిగాడు.

"ఒక్క మాట అడగనా? కోప్పడకూడదు. నిజంగా పక్షులేనా? ఇంకేమీ లేదా మీ ఇద్దరి మధ్యా?"

డెల్ఫీన్ బర్చిచెట్టు బెరడు గోటితో ఒలుస్తూ నిలబడింది. ఓపల్ అడిగి ఉంటే ఏదో వేళాకోళం ఆడి తప్పించుకునేదే.

"నాకు ఉండేది డ్వైట్" అంది. "అతనంటే నాకు ఇష్టం. ఎంత ఇష్టమంటే, చలికాలం ఎప్పుడు పోతుందా అని రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. అక్కడ బల్ల మీద కూర్చున్నప్పుడు ప్రతిసారీ చెప్పేద్దామనిపించేది. కానీ అక్కడ మాట్లాడకూడదు కదా, కొంగలు బెదురుతాయి. సరే, బర్చిచెట్టు దాకా వెళ్ళాక చెబుదాం అనుకునేదాన్ని. ఇక్కడికొచ్చేసరికి ధైర్యం చాలేది కాదు. మోకాలెలా ఉందనేవాడు, బాగానే ఉందనేదాన్ని. ఇరవై నాలుగేళ్ళు ఇదే."

డ్వైట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అతనికి ఉందో లేదో నాకు తెలీదు" అంది.

"మేకులు లేకుండా ఆ బల్ల చెయ్యాలంటే ఒక నెల పడుతుందమ్మా" అన్నాడు డ్వైట్. "నాకు తెలుసు ఆ పని."

ఆవిడ ఏడ్చింది. ఎందుకని అతనూ అడగలేదు.

ట్రక్కు బానెట్ మీద కాగితం పరిచి, డ్వైట్ గాలికి ఎగరకుండా అంచులు పట్టుకుంటే, ఆవిడ మొదటిసారి చోటు అన్న గడి తన చేత్తో నింపింది. మ్యాపు మీద గుర్తు అసలు మడుగు మీదే పెట్టింది. గూళ్ళు పంతొమ్మిది. చూసినవారు ఇద్దరు. ఇద్దరూ సంతకాలు చేశారు. కింద, ఇంకేమైనా చెప్పాలా అన్నచోట, పాత కాగితాల సంగతి రాయవలసి వచ్చింది. ఎమరీ మంచివాడని రాయబోయి, అది ఆఫీసుకి అక్కర్లేని సంగతని మానేసింది.

చివరికి ఇలా రాసింది: "ఇరవై నాలుగేళ్ళ కాగితాల్లో చోటు అబద్ధం. దాచింది ఎమరీ స్టిన్సన్. లెక్క మాత్రం నిజం. ప్రతి ఏడూ ఇద్దరం చూశాం."